సబ్బు ఆరేదాకా

తాత ఊళ్లో సగం మంది పడగ్గదులు చూశాడు గానీ వాళ్లలో ఒక్కరి గుమ్మం కూడా తొక్కలేదు. ఎవరైనా అపార్థం చేసుకునేలోపే చెప్పేయడం మంచిది. ఆయన పని కిటికీ అద్దాలు తుడవడం. భుజాన నిచ్చెన, చేతిలో బకెట్, నడుముకు కట్టుకున్న మెత్తటి తోలు గుడ్డ, వెనక జేబులోంచి తోకలా వేలాడే రబ్బరు పట్టీ. ముప్పై నాలుగేళ్లుగా ఇదే వేషం. వెనక సందులోంచి వస్తాడు, నిచ్చెన వేస్తాడు, ఎక్కుతాడు, అద్దానికి సబ్బు నురగ పూస్తాడు, పిడి పట్టుకుని రబ్బరు పట్టీని పైనుంచి కిందికి ఒక్క లాగు లాగుతాడు, దిగుతాడు, పోతాడు. లోపల మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటున్నా, ఎవరో నోరు తెరుచుకుని గురకపెడుతున్నా, ఒక పెద్దమనిషి నిలువుటద్దం ముందు పొట్ట లోపలికి లాక్కుని చూసుకుంటున్నా, తన కంటికి కనపడేది మరక ఒక్కటేనని ఆయన ఒట్టేసి చెప్తాడు. నాయనమ్మ ముప్పై నాలుగేళ్లుగా ఆ ఒట్టును నమ్మలేదు.

ఇంత ఎత్తు ఎక్కే మనిషికి భయం లేదనుకుంటారు. ఉంది. డబ్బు అడగాలంటే భయం.

పెళ్లయిన కొత్తలో ఆయన కూలి డబ్బు చేతికే తీసుకునేవాడట. తీసుకునేవాడు అనడం కూడా పెద్ద మాటే. వెనక తలుపు తట్టి, తల గోక్కుని, "ఉంటే ఇవ్వండి, లేకపోతే పర్లేదు" అనేవాడు. ఆ మాట విన్నాక ఎవరి దగ్గర మాత్రం ఉంటుంది? పాపం, ఖాళీ చేతులతో పంపడం ఎందుకని టీ ఇచ్చేవాళ్లు. సాయంత్రానికి కడుపు నిండా టీతో, ఖాళీ జేబుతో ఇంటికొచ్చి, రాత్రంతా నిద్రపట్టక దొర్లేవాడు.

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడిగి మరీ పెట్టొద్దని చెప్పొస్తున్నారు," అని నెత్తి కొట్టుకుని, నాయనమ్మ చీటీల పద్ధతి పెట్టింది. అరచేతిలో సగం ఉండే చీటీ మీద ఆవిడే తన గుండ్రటి చేత్తో రాస్తుంది: "మీ కిటికీలు తుడిచాం. ఇంత అయింది. ఈ కవర్లో చెక్కు పెట్టి పంపగలరు." పని అయ్యాక తాత ఆ చీటీనీ, ఇంటి చిరునామా రాసిన కవరునీ వెనక తలుపు కిందనుంచి తోసి, దొంగతనం చేసినవాడిలా గబగబా వచ్చేస్తాడు. వారం తిరిగేసరికి పోస్టులో చెక్కు. నాయనమ్మ పుస్తకంలో ఒక టిక్కు. తాత నోరు తెరవక్కర్లేదు. అప్పటికి ఫోన్లలో డబ్బు పంపుకోవడం ఇంకా పుట్టలేదు కాబట్టి ఊరంతా ఇలాగే బతికేది.

తాత ఇంట్లో దేనికైనా కొలత ఇల్లే, అంటే ఒక ఇంటి కిటికీలు తుడిస్తే వచ్చే కూలి. చెప్పులు రెండిళ్లు. కళ్లజోడు అయిదిళ్లు. పెద్ద కొడుకు చిన్నప్పుడు పగలగొట్టిన రేడియో పదకొండిళ్లు. ఆ పదకొండిళ్ల ప్రస్తావన వస్తే ఇప్పటికీ ఆయన, అదే ఆ కొడుకు, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి పోతాడు. ఇక నాయనమ్మ కట్టుడు పళ్లు, పైనా కిందా కలిపి, నలభై ఇళ్లు. పద్దెనిమిది ఇళ్లు ముందే కట్టేసింది. మిగతా ఇరవై రెండిళ్లు సెట్టు చేతికొచ్చిన రోజు ఇవ్వాలి.

పాత పళ్లలో మిగిలిన తొమ్మిదీ పీకించుకున్న మర్నాడే పోస్టు వాళ్లు సమ్మెకు దిగారు.

మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. రెండో వారానికి నాయనమ్మ రోజుకు నాలుగుసార్లు గుమ్మం దగ్గరి పోస్టు డబ్బా మూత ఎత్తి చూడటం మొదలుపెట్టింది. మూడో వారం బుధవారం నాడు పళ్లు కట్టే ఆయన కబురు పంపాడు. సెట్టు తయారు. శనివారం మధ్యాహ్నం పన్నెండు దాకా కొట్టు తీసి ఉంటుంది. ఆ తర్వాత రెండు వారాలు సెలవు.

రెండు వారాలు గంజి తాగి బతకొచ్చు. అసలు తంటా అది కాదు. ఆదివారం నాయనమ్మ చెల్లెలు వస్తోంది.

ఈ చెల్లెలి సంగతి కొంచెం చెప్పాలి. అక్క కంటే రెండేళ్లు చిన్న. నోట్లో అన్ని పళ్లూ ఉన్నాయి, ఉన్నాయని అందరికీ తెలియాలని నవ్వుతుంది. చావింటికెళ్లినా దవడలు కనపడేలా పలకరించొస్తుంది. అయిదేళ్ల కిందట వచ్చినప్పుడు అక్క నోరు తెరిపించి, లాంతరు పెట్టి బావి చూసినట్టు చూసి, "చిన్నప్పుడు చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి నా మీద చెప్పేదానివి కదూ? పెట్టిన చెయ్యి నాది కాదని నీ పళ్లే సాక్ష్యం చెప్తున్నాయే అక్కా," అంది. ఆ ముక్క నాయనమ్మ గుండెలో మేకులా దిగిపోయింది. ఇప్పుడు బోసి నోటితో ఎదురుపడితే యాభై ఏళ్ల నాటి చక్కెర దొంగతనం ఒప్పుకున్నట్టే.

రావొద్దని ఉత్తరం రాద్దామంటే పోస్టు లేదు. ఫోన్ చేద్దామంటే నోట్లో పళ్లు లేవు, గొంతు విన్న మరుక్షణం అది పసిగడుతుంది. తాత చేత చేయిద్దామంటే, "మీ అక్క పళ్లు ఊడాయమ్మా, అందుకే రావొద్దంటోంది," అని సవివరంగా చెప్పేసే మనిషి.

పళ్లు పీకించుకున్ననాటి నుంచి నాయనమ్మ మాట్లాడటం మానేసింది. మాట్లాడితే సగం గాలే వస్తోందని రోషం. అలాగని తిట్టడం మానలేదు. మిగిలిపోయిన చీటీల వెనక రాసి తాత ముందు పెట్టేది. తాత జీవితంలో అంత చదువు ఎప్పుడూ చదవలేదు. బుధవారం రాత్రి అన్నం కంచం పక్కన పెట్టిన చీటీలో ఇలా ఉంది: "ముప్పై ఒక్క ఇల్లు బాకీ. ఇరవై రెండు కావాలి. శనివారం పన్నెండు లోపు. తలుపు తట్టండి, నోరు తెరవండి. లేకపోతే ఆదివారం నేను అటకెక్కి కూర్చుంటా, మా చెల్లికి మీరే వండిపెట్టుకోండి."

"నువ్వే వెళ్లొచ్చు కదే, నీకైతే ఇట్టే ఇచ్చేస్తారు," అన్నాడు తాత మెల్లగా.

ఆవిడ రాయలేదు. నోరు తెరిచి చూపించింది. తాత అన్నం కలుపుకున్నాడు.

గురువారం పొద్దున్నే ముందుగా పోస్టాఫీసుకెళ్లాడు, చిన్న ఆశ. గేటుకు తాళం. బయట బల్లలు వేసుకుని సమ్మె వాళ్లు కూర్చున్నారు. వాళ్లలో వెనక వీధిలో ఉండే పోస్ట్‌మ్యాన్, తాతకు బాగా తెలిసినవాడు, తాత తుడిచే ఇళ్లలో అతనిదీ ఒకటి, జరిగి కాస్త చోటిచ్చాడు.

"నా కవర్లు లోపలున్నాయంటావా?"

"గది నిండా సంచులే బాబాయ్. అందులో నీవెక్కడున్నాయో దేవుడికి కూడా తెలీదు. ఆయన ఉత్తరాలు కూడా అందులోనే ఉండి ఉంటాయి."

"ఎన్నాళ్లు?"

"జీతం పెంచేదాకా సంచి ఎత్తం. మూడు వారాలైంది, ఇంట్లో ఉప్పు డబ్బా కూడా ఖాళీ అవుతోంది, అయినా ఎత్తం." అని, కొంచెం సిగ్గుపడి, "నువ్వే వెళ్లి అడుగు బాబాయ్. ఇళ్లు తెలుసు, నోరుంది, ఇంకేం కావాలి?"

ఇళ్లు తెలుసు అన్నాడు గానీ అక్కడే వచ్చింది చిక్కు. తాతకు తెలిసింది ఇళ్ల వీపులు. ముందువైపు మొహం ఏ ఇంటిదీ ఆయన చూడలేదు. నాయనమ్మ పుస్తకంలో పేర్లూ నంబర్లూ ఉన్నాయి. తాత బుర్రలో "పగుళ్లు పడ్డ పలక", "పిల్లి కూర్చునే గూడు", "ఆగిపోయిన గడియారం" ఉన్నాయి. ఈ రెండిటికీ ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ పరిచయం కాలేదు. అందుకని సందులో నిలబడి వెనకవైపు నుంచి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుని, వేళ్లు మడిచి పట్టుకుని, పరుగున చుట్టూ తిరిగి ముందువైపుకొచ్చి, మళ్లీ వేళ్లు విప్పుకుంటూ లెక్కపెట్టుకున్నాడు. వీధి మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలాయన ఇదంతా మూడుసార్లు చూసి కుర్చీ లోపలికి తీసుకుపోయాడు.

పెద్దమనుషుల గుమ్మం కదాని ఆ రోజు తాత ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నూనె రాసి దువ్వుకున్నాడు. చేతిలో నాయనమ్మ పుస్తకం. మొదటి ఇంట్లో తలుపు నాలుగు వేళ్లంత తెరుచుకుంది.

"నమస్కారమండీ, నేను…"

"మాకు ఇన్సూరెన్స్ ఉందండీ." తలుపు మూసుకుంది.

రెండో ఇంటి ఆయన ఆ చేతిలో పుస్తకం చూసి, "దేవుడి గురించి మేం ఆల్రెడీ మాట్లాడుకున్నాం," అన్నాడు. మూడో ఇంట్లో కుక్క వచ్చింది, మనిషి రాలేదు. కుక్కతో తాత కొంచెం ధైర్యంగానే మాట్లాడాడు గానీ ఫలితం లేకపోయింది.

నాలుగోది ఆగిపోయిన గడియారం ఇల్లు. యాభై ఏళ్ల ఆవిడ, చేతికీ చెంపకీ పిండి, తలుపు పూర్తిగా తెరిచింది. తాత ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, నేను కిటికీలు తుడిచేవాణ్ని. పోస్టు బందు కదా, అందుకని… ఉంటే…"

ఆవిడ పైనుంచి కిందికి చూసింది. ఆ చూపుకు పెద్ద దూరమేమీ పట్టలేదు. తాత అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ.

"మా కిటికీలు తుడిచే ఆయన నాకు తెలుసు. పదేళ్లుగా చూస్తున్నా. చాలా పొడుగు మనిషి."

"నిచ్చెన మీద ఉంటానమ్మా!"

"మాటలు చెప్పకండి. ఆయన తల మా మేడ గది కిటికీ దాకా వస్తుంది."

నిజమే, అక్కడిదాకా వస్తుంది. తను తనేనని నిరూపించుకోవాలి. చేతిలో నిచ్చెన లేదు, బకెట్ లేదు. ఉన్నదల్లా ముప్పై నాలుగేళ్లుగా తను చూడలేదని ఒట్టేసిన సరుకు. నోట్లో నాలుక లేని మనిషికి ఆ క్షణాన నాలుక మొలిచింది. మొలవకపోయినా బాగుండేది.

"నేనేనమ్మా. మీ మేడ గదిలో గోడ గడియారం నాలుగుంపావు దగ్గర ఆగిపోయింది. ఆరేళ్లయింది. మంచం తలవైపు తూర్పుకుండేది, పోయిన ఏడు పడమరకి మార్చారు. మంచం కింద నీలం రేకు పెట్టె ఉంది, దానికి తాళం లేదు, తాడు కట్టారు. మీవారు నొప్పికి నడుముకు బెల్టు పెట్టుకుని పడుకుంటారు…"

ఆవిడ మొహంలో పిండి తప్ప వేరే రంగు లేకుండా పోయింది. "ఏవండీ!" అని లోపలికి ఒక్క కేక పెట్టింది. లోపల ఎవరో బరువుగా లేచిన చప్పుడు. బహుశా బెల్టు పెట్టుకుంటున్నాడు. ఆ వ్యవధే తాతను కాపాడింది. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చంకలో పుస్తకం. ఆ వేషంలో అరవై రెండేళ్ల మనిషి వీధి చివరిదాకా అంత జోరుగా పరిగెత్తడం ఆ వీధి అదే మొదటిసారి చూసింది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నాయనమ్మ చాలాసేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని తాత దగ్గరికెళ్తే చెయ్యి తీసింది. నవ్వుతోంది, బోసిగా, శబ్దం లేకుండా. తర్వాత గబుక్కున నోరు మూసుకుని, నవ్వినందుకు కూడా ఆయన మీదే కోపం తెచ్చుకుని చీటీ రాసింది: "బెల్టు సంగతి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" దాని కింద ఇంకోటి: "రేపు పని బట్టలేసుకోండి. నిచ్చెన పట్టుకెళ్లండి. మిమ్మల్ని మనిషిగా ఎవరూ గుర్తుపట్టరు."

శుక్రవారం తాత ఎప్పటిలా వెనక సందులోంచి వెళ్లాడు. భుజాన నిచ్చెన ఎక్కగానే వెన్ను నిటారైంది. మొదటిది పిల్లి ఇల్లు. నిచ్చెన వేసి, ఎక్కి, అలవాటు కొద్దీ అద్దానికి సబ్బు పూశాడు. ఇప్పుడు వేలి కణుపుతో అద్దం మీద కొట్టాలి, కిటికీ తెరిపించాలి, డబ్బడగాలి. కణుపు ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. గొంతు సవరించుకున్నాడు. నోట్లో "ఉంటే ఇవ్వండి, లేకపోతే…" అన్న మాట తయారుగా కూర్చుని ఉంది, తెరిస్తే అదే దూకుతుంది. కాబట్టి తెరవలేదు. రబ్బరు పట్టీ చేతిలో పట్టుకుని నిచ్చెన మీద అలాగే బిగుసుకుపోయాడు, గోడ మీద బల్లిలా.

ఇక్కడ ఆ వృత్తి మర్యాద ఒకటి చెప్పాలి. పూసిన సబ్బు ఆరకముందే లాగేయాలి. ఆరనిస్తే అద్దమంతా తెల్లగా పొక్కులు కడుతుంది, మళ్లీ తడిపి రుద్దడానికి రెండింతల చాకిరీ. సబ్బు ఆరనిచ్చినవాణ్ని ఈ పనివాళ్లు మనిషిగా లెక్కెయ్యరు. ముప్పై నాలుగేళ్లలో తాత ఒక్క పలక ఆరనివ్వలేదు. అలాంటిది ఆ రోజు ఆయన కళ్లెదుటే నురగ చిటపటలాడుతూ, ఒక్కో బుడగే పేలిపోతూ, తెల్లటి మరకగా మారిపోతుంటే, మింగలేక కక్కలేక చూస్తూ నిలబడ్డాడు.

లోపల చీకటైంది. పిల్లి అరిచింది. ఎవరో నడిచొచ్చారు. కిటికీ రెక్క లోపలికి తెరుచుకుంది, పిల్లితో పాటు పిల్లి యజమానురాలు కనిపించింది.

"ఏమైందండీ? పూసి వదిలేశారు, ఒంట్లో బాలేదా?"

తాత తల అడ్డంగా ఊపాడు. రబ్బరు పట్టీతో గాల్లో, పోస్టాఫీసు ఉండే వైపు చూపించాడు. "పోస్టు…" అన్నాడు. అంతే వచ్చింది.

"అయ్యో రామ! మీ డబ్బు! చెక్కు రాసి, కవర్లో పెట్టి, బల్ల మీదే ఉంచానండీ, మూడు వారాలుగా పిల్లి దాని మీదే పడుకుంటోంది. చెక్కెందుకు గానీ ఆగండి." పర్సు తెచ్చి, ఒక ఇల్లు లెక్కపెట్టి కిటికీలోంచి చేతికిచ్చేసింది. "ఇంతదానికి అలా నిలబడిపోవాలా? అడగొచ్చు కదా!"

తాత డబ్బు జేబులో పెట్టుకుని, ఆరిపోయిన సబ్బు మళ్లీ తడిపి, రుద్ది, అద్దం తళతళలాడేలా లాగి దిగాడు. కింద నిలబడి జేబు తడుముకున్నాడు. తను నిజంగా ఏమీ అడగలేదు. సబ్బే అడిగింది.

ఇక చూడాలి. పక్కింట్లో కావాలనే పూశాడు, కావాలనే ఆగాడు. అక్కడ నిమిషమున్నర పట్టింది, ఎందుకంటే లోపలాయన పేపరు చదువుతున్నాడు, వెలుగు పోయేసరికి లేచొచ్చాడు. ఆ పక్కింట్లో గడ్డం గీసుకుంటున్న ఆయన సగం గడ్డంతో వచ్చి, సగం బాకీ ఇచ్చి, తాత రబ్బరు పట్టీ ఎత్తకపోయేసరికి మిగతా సగం కూడా తెచ్చాడు. అందరి బల్లల మీదా కవర్లు ఉన్నాయి. ఒకావిడ దాని మీద పాల లెక్క రాసుకుంది, ఒకాయన టీ గ్లాసు పెట్టి గుండ్రంగా మరక చేశాడు. ఎగ్గొట్టాలని ఎవరికీ లేదు. పోస్టు నడవడం లేదు కాబట్టి బాకీ కూడా ఎక్కడో సమ్మె చేస్తోందనుకున్నారు, అంతే. మధ్యాహ్నానికి తాతకు గర్వం కూడా వచ్చింది. ఒకింట్లో ఆవిడ, "తుడవరేమండీ?" అంటే, "ఆరాలి," అన్నాడట, డాక్టరులా.

ఆగిపోయిన గడియారం ఇంటి వెనకకు వచ్చేసరికి మాత్రం నిచ్చెన వేసి, తీసి, మళ్లీ వేశాడు. ఎక్కాడు. పూశాడు. టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. కిటికీ తెరుచుకుంది. నిన్నటి ఆవిడే. తాత కళ్లు మూసుకున్నాడు.

"హమ్మయ్య, మీరా! సమయానికి వచ్చారు. నిన్న మీ పేరు చెప్పుకుని ఎవడో పొట్టివాడు డబ్బులకొచ్చాడండీ!"

తాత ఒక కన్ను తెరిచాడు. "అలాగా?"

"దొంగ వెధవ! మా ఇంట్లో సామాన్లన్నీ లెక్క చెప్పాడు. రాత్రి మావారికి నిద్రలేదు. మీరు ఊరంతా తిరుగుతారు కదా, కాస్త కనిపెట్టి ఉండండి. ఇంతే ఉంటాడు." అని తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

"కనపడితే నేను మాట్లాడతాలెండి," అన్నాడు తాత గంభీరంగా, పైనుంచి. ఆవిడ ఒక ఇంటికి ఒకటిన్నర ఇల్లు ఇవ్వబోయింది, జాగ్రత్తగా ఉన్నందుకు. ఆ సగం మాత్రం ఆయన తీసుకోలేదు. అంత ధైర్యం లేదు.

శుక్రవారం పొద్దుగూకేసరికి పద్నాలుగిళ్లు. నాయనమ్మ టిక్కులు పెట్టి, "ఎలా అడిగారు?" అని చీటీ రాసింది. "నోరు తెరిచాను," అన్నాడు తాత. ఆవిడ నమ్మలేదు గానీ ఆ రాత్రి చీటీలో తిట్టు లేదు.

శనివారం తెల్లారగానే మళ్లీ ఎక్కాడు. కొన్ని ఇళ్లకు తాళాలు. ఒకింట్లో అంతా ఊరెళ్లారు, ఎంత ఆరినా ఎవరూ రాలేదు, ఊరికే రెండుసార్లు రుద్దుకోవాల్సి వచ్చింది. పదకొండున్నరకు జేబులో ఇరవై ఒక్క ఇల్లు ఉంది. మిగిలింది ఒకటి. దగ్గర్లో ఉన్నది పోస్ట్‌మ్యాన్ ఇల్లు.

నిచ్చెన వేశాడు, పూశాడు, ఆగాడు. ఆగుతూ, అద్దానికి ఇంకా సబ్బు పట్టని మూలలోంచి లోపలికి చూశాడు. చూడనని ఒట్టేసిన మనిషి. అరల మీద డబ్బాలన్నీ మూతలు తీసి బోర్లించి ఉన్నాయి. గోడకు కొట్టిన మేకుకు ఖాళీ పోస్టు సంచి వేలాడుతోంది. పోస్ట్‌మ్యాన్ నేల మీద కూర్చుని బూటు అడుగుకు అట్టముక్క కత్తిరించుకుంటున్నాడు. వెలుగు తగ్గేసరికి తలెత్తి, లేచొచ్చి కిటికీ తెరిచాడు.

"ఏంటి బాబాయ్, సబ్బు ఆరిపోతోంది! ఒంట్లో బాగానే ఉందా?"

ఒక్క ఇల్లు. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలు. తాత రబ్బరు పట్టీ వైపు చూశాడు.

"రబ్బరు గట్టిపడిందిరా. మెత్తబడనిస్తున్నా." చప్పున అద్దం తడిపి లాగేశాడు.

"నీ బాకీ ఒకటుంది బాబాయ్," అన్నాడు పోస్ట్‌మ్యాన్ అట్టముక్క వెనక్కి దాచుకుంటూ.

"చేతికిస్తే నేను తీసుకోను. మా ఆవిడ ఒప్పుకోదు. పోస్టులో పంపు. నడిచాకే."

పళ్లు కట్టే ఆయన కొట్టు మెట్ల మీదికి తాత వచ్చేసరికి పన్నెండుకు అయిదు. ఆయన సన్నటి ఆకురాయితో ఎవరివో పళ్లు అరగదీస్తున్నాడు. బల్ల ఒకే ఒక కిటికీ పక్కన ఉంది. తాత చూపు ఆ అద్దం మీదే పడింది. పదేళ్ల దుమ్ము, పిండిలా పళ్ల పొడి, ఈగల సమాధులు.

"ఇరవై ఒకటి ఉంది," అన్నాడు తాత డబ్బు బల్ల మీద పెట్టి. అలవాటు తప్పి ఇల్లు అనలేదు. "ఒకటి తక్కువ."

"తక్కువైతే పళ్లు కూడా తక్కువే ఇస్తా. ముందు పళ్లు తీసేయనా, వెనకవా?" అన్నాడాయన తలెత్తకుండా. "రెండు వారాలాగి రా."

వేరే మనిషయితే బతిమాలేవాడు, లేకపోతే కొట్టేవాడు. తాత బయటికెళ్లాడు. నిచ్చెన వేశాడు. ఎక్కాడు. కిటికీ మొత్తానికి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, దట్టంగా సబ్బు పూశాడు. నిచ్చెన మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు.

లోపల ఆకురాయి చప్పుడు ఆగింది. "ఏయ్! నాకేం కనపడటం లేదు!"

తాత టోపీ సర్దుకున్నాడు.

"ఈ పన్ను ఇప్పుడు పూర్తిచెయ్యాలి, బండి టైమవుతోంది! తుడుస్తావా లేదా?" కిటికీ తెరుచుకోలేదు, పదేళ్లుగా తెరవక బిగుసుకుపోయింది. తలుపులోంచి తల బయటపెట్టాడు. "ఏం కావాలి నీకు?"

అప్పుడు తాత అడిగాడు. ముప్పై నాలుగేళ్లలో మొట్టమొదటిసారి, నోరు తెరిచి, తల గోక్కోకుండా.

"పళ్లు కావాలి. అద్దం రెండువైపులా తుడిచిస్తా. మా లెక్కలో అది సరిగ్గా ఒక ఇల్లు."

చివరి మాట తర్వాత "లేకపోతే పర్లేదు" నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాడు.

పళ్లాయన గడియారం చూశాడు, నురగ చూశాడు, లోపలికెళ్లి దూదిలో చుట్టిన డబ్బా తెచ్చాడు. తాత అద్దం తుడిచాక ఆ మనిషి తన కొట్టులోకి వచ్చిన వెలుగుకు కళ్లు చిట్లించాడట. తర్వాత చేతిలోని పన్ను చూసి, "ఛీ, ఇన్నాళ్లూ ఇంత వంకరగా చేస్తున్నానా?" అన్నాడట. నాయనమ్మ సెట్టు కూడా మసక కిటికీలో చేసిందే. ఎడమవైపు ఒకటి ఇప్పటికీ కాస్త బయటికుంటుంది. ఆ మాట ఆవిడ దగ్గర అనకూడదు.

ఆదివారం చెల్లెలు దిగింది. అక్క గుమ్మంలోనే నిలబడి నవ్వింది, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, ముప్పై రెండూ. చెల్లెలు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అక్క నోట్లోకి తొంగి చూడ్డానికి సాకు దొరక్క ఇల్లంతా కలయజూసింది, చివరికి కిటికీ దగ్గర ఆగింది.

"మా బావ ఊరందరి కిటికీలూ తుడుస్తాడు. మీ ఇంటి కిటికీలోంచి వీధి కూడా కనపడదేమే అక్కా? దీపం కింద చీకటంటే ఇదేనా?"

నోట్లో పళ్లున్నాయి కాబట్టి నాయనమ్మకు ఇక చీటీ అక్కర్లేదు. మూడు వారాల మాటలు బాకీ ఉన్నాయి. "విన్నారా! ముప్పై నాలుగేళ్ల నుంచి మొత్తుకుంటున్నా, వినపడిందా? ఆదివారమైతే ఏం, సోమవారమైతే ఏం, లేవండి! ఆ నిచ్చెన తీయండి!" ప్రతి అక్షరం గట్టిగా, స్పష్టంగా, టకటకమంటూ వచ్చింది. ఇంకో గదిలో పెద్ద కొడుకు కూడా లేచి నిలబడ్డాడు.

తాత నిచ్చెన వేసుకుని ఎక్కాడు. సొంతింటి అద్దానికి సబ్బు పూశాడు. రబ్బరు పట్టీ తీశాడు. అంతలో ఏం తోచిందో, తీసినది మళ్లీ జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నురగ చిటపటలాడింది. లోపల గది తెల్లబడింది. కిటికీ విసురుగా తెరుచుకుంది.

"ఆరిపోతోందండీ! ఏమైంది మీకు?"

తాత చెయ్యి చాపాడు. "పోస్టు బందు," అన్నాడు. "మీ ఇంటి బాకీ ఉందమ్మా."

నాయనమ్మ వెనక్కి తిరిగి, చెల్లెలు వినడం లేదని చూసుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నలభై ఇళ్ల నవ్వు మొత్తం నవ్వింది.

తాత కాసేపు చూసి, అంత పెద్ద నోటుకు చిల్లర లేదన్నాడు.